రోలరు ఆగేదాకా

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో పంతొమ్మిదేళ్లుగా ఇస్త్రీ రోలరు నడుపుతున్న ఆవిడను అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు మూడు షిఫ్టుల్లోనూ ఉన్నారు. అలాంటి పెద్దక్క ఆ వారం పరీక్షలో మూడోసారి తప్పింది.

కంపెనీ తన ఇరవై శాఖలకూ కలిపి ఒక వెబ్‌సైటు పెట్టింది. ఫోన్లో పాఠం చూసి, చివర ప్రశ్నలకు టిక్కు పెట్టాలి. అన్నీ ఒప్పయితేనే మిషను ముట్టుకోనిస్తారు.

ఏడో ప్రశ్న, రోలర్లో దుప్పటి ఇరుక్కుంటే ఏం చేయాలని. ఎర్ర బటన్ నొక్కి వెంటనే లాగాలంటుంది పాఠం. బటన్ నొక్కాక కూడా రోలరు అర చుట్టు తిరుగుతుందని పెద్దక్కకు తెలుసు. అందుకే ప్రతిసారీ "పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకూడదు" అన్నదానికే టిక్కు పెట్టింది.

శిక్షణాధికారి మెత్తటి మనిషి. "వాళ్లకు కావలసింది నొక్కేయండమ్మా. పని మీకు తెలిసినట్టే చేసుకోండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"నాకు తెలుసు బాబూ. రేపు కొత్తగా చేరే పిల్లకేం తెలుసు? అది పాఠాన్నే నమ్ముతుంది. దాని చెయ్యి కాలితే ఆ పాపంలో నా టిక్కు కూడా ఉన్నట్టే."

దాంతో ఆమెను మడత బల్ల దగ్గరకు మార్చారు. అక్కడే పనిచేసే ఆమె తమ్ముడి భార్య గొణిగింది. "ఒక్క టిక్కుకింత మొండిపట్టా వదినా?"

"మొండిదాన్నని మీ ఆయన పెళ్లికి ముందే చెప్పలేదా?"

"చెప్పారు. ఇంతని చెప్పలేదు."

అయినా మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను పట్టుకుని వీడియో తీసింది ఆ మరదలే. పెద్దక్క రోలర్లోకి తువ్వాలు అంచు అందించి, చెయ్యి వెనక్కి తీసుకుని బటన్ నొక్కింది. తువ్వాలు సగం లోపలికి పోయాక గానీ రోలరు ఆగలేదు. ఆ వీడియోను పెద్దక్క పాఠం కింద వ్యాఖ్యలు రాసే చోట పెట్టేసింది.

మర్నాటికి నలభై జవాబులొచ్చాయి. "మా దగ్గరా ఇంతే" అని రాసినవాళ్లే ఎక్కువ. ఒకామె మోచేతిదాకా కట్టున్న ఫొటో పెట్టి, "పాఠంలో చెప్పినట్టే చేశాను" అని రాసింది.

పెద్దక్కకు పెద్దాఫీసు నుంచి ఫోనొచ్చింది. "ఆ వీడియో తీసేయండి."

"తీయను. ముందు ఆ కట్టున్నామెతో మాట్లాడారా?"

అవతల ఫోను పెట్టేశారు.

తర్వాత నాలుగు రోజులూ ఇరవై శాఖల్లో అందరూ పెద్దక్క జవాబుకే టిక్కు పెట్టారు, ఒక్కరూ ఏడో ప్రశ్న దాటలేదు. అయిదో రోజు పాఠం మారింది. పెద్దక్క మళ్లీ రోలరు దగ్గరకు చేరింది.

శిక్షణాధికారి మొహమాటంగా వచ్చాడు. "ఇలాంటి వీడియోలు ఇంకో పది చేసిపెట్టాలట. కింద వ్యాఖ్యలు మాత్రం మూసేస్తారట, గోలగా ఉందని."

"చేస్తాను, కానీ షిఫ్టు టైములోనే. ఆ చోటు మూస్తే మాత్రం నా వీడియోలూ ఉండవు. నేను తప్పు చెబితే నాకు చెప్పేదెవరు?"

రెండు రోజులు బేరమాడి వాళ్లే దిగొచ్చారు. ఆమె పెట్టిన మొదటి పాఠం కింద ఎవరో అప్పుడే రాశారు. "అక్కా, గ్లౌజులేవీ?"

పెద్దక్క పగలబడి నవ్వి, గ్లౌజులు తొడుక్కుని వీడియో మళ్లీ మొదలుపెట్టింది.