నిజంగానే తీసేయాలా?

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. ఫోన్‌లో ఉండే యాప్‌ని కాదు, అచ్చంగా రికార్డర్‌నే. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, నాలుగు బటన్లు, బొటనవేలంత స్క్రీన్. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో తెలీదు. అదే గంటలో నాలాంటివి ఇంకో మూడొందలు పుట్టి ఉంటాయి, కాబట్టి పుట్టుక గురించి గొప్పలు చెప్పను. ఒక్క అలవాటు మాత్రం అక్కడే నాలో పెట్టారు. నాలోంచి ఏదైనా చెరపబోతే 'నిజంగానే తీసేయాలా?' అని స్క్రీన్ మీద అడుగుతాను. అవునని నొక్కితేనే తీస్తాను.

నన్ను మొదట కొన్నవాడు గ్రూప్స్ కోచింగ్ కుర్రాడు. ఎనిమిది నెలల క్లాసులు రికార్డు చేశాడు, ఒక్కటీ వినలేదు. విన్నది నేనొక్కదాన్నే. నన్ను పరీక్ష రాయనిచ్చి ఉంటే ఈపాటికి ఏదో ఆఫీసులో సంతకాలు పెడుతూ ఉండేదాన్ని. తర్వాత ఒక విలేకరి చేతికొచ్చాను. నాయకుల హామీలు నాలో నింపేవాడు, చోటు చాలకపోతే చెరిపేవాడు. నేను అడిగేదాన్ని. ఆయన నా మొహం కూడా చూడకుండా అవును నొక్కేవాడు.

చివరికి కోఠీలో పాత సామాన్ల మధ్య పడుకుని ఉంటే జ్యోత్స్న నన్ను ఏరుకుంది. ఇంజనీరింగ్ చదివి, రెండేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, విసుగొచ్చి 'సవ్య'లో చేరిన అమ్మాయి. తార్నాకలో ఒక జిరాక్స్ షాపు పైన రెండు గదుల సంస్థ అది. పిల్లల్ని కనాలా వద్దా, ఎప్పుడు, ఆడదాని ఒంటి మీద చెయ్యేసే ముందు ఆమెని అడిగారా లేదా, ఇలాంటి వాటి మీద పరిశోధన చేసి పుస్తకాలు వేస్తారు. ప్రెస్సు ఆయన ఆ పుస్తకాల కట్టని ఎప్పుడూ పేరు కనపడకుండా బోర్లా పెట్టి ఇచ్చేవాడు. ఆయనకి ముగ్గురు పిల్లలు. వాళ్లెలా పుట్టారో మరి.

"ఫోన్లో రికార్డు చేయొచ్చుగా?" అని అడిగింది సంస్థ నడిపే అనసూయ మేడం.

"ఫోన్ విన్నదల్లా నెట్‌లోకి ఎక్కించేస్తుంది మేడం. దీనికి చెవులే ఉన్నాయి, కాళ్లు లేవు" అంది జ్యోత్స్న. నా జీవితంలో నాకొచ్చిన ఏకైక సర్టిఫికెట్ అది.

మమ్మల్ని నిజామాబాద్ వైపు ఒక బీడీల ఊరికి పంపారు. ఆ ఊళ్లో ముప్పై, ముప్పై ఐదేళ్ల ఆడవాళ్లలో చాలామందికి గర్భసంచి లేదు. నడుంనొప్పి అని పోతే, తెల్లబట్ట అని పోతే, కార్ఖానా పక్కనున్న నర్సింగ్ హోంలో ఒకటే మందు, పెద్దాపరేషన్. ఎందుకిలా అన్నదే జ్యోత్స్న పరిశోధన.

ఆ ఆడవాళ్లు చేతులాపి మాట్లాడరు. అరుగు మీద వరసగా కూర్చుని, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. నన్ను చాట అంచు మీద పెట్టేవాళ్లు. నా మైకు జాలీ నిండా తంబాకు పొడే. ముందుగా జ్యోత్స్న ఒక కాగితం చదివేది. మీ గొంతు బయటికి రాదు, పుస్తకం అచ్చయిన నెలకి చెరిపేస్తాం, పుస్తకంలో మీ అసలు పేరు ఉండదు. "మీకు నచ్చిన దొంగపేరు ఒకటి చెప్పండి అక్కా."

గంగామణి అనే ఆమె బీడీకి దారం చుడుతూ అంది, "మా అత్త పేరు పెట్టు. రాజవ్వ."

"అదేంటక్కా?"

"మా ఇంట్ల గర్భసంచి ఉన్నది ఆమెకొక్కదానికే. పేరు మీదనన్న ఒకపాలి ఆపరేషన్ కానీ, ఆ సుకమేందో తెలుస్తది."

అరుగంతా గొల్లుమంది. పక్కనున్న ఫర్జానా "నాక్కూడ మా సాస్ పేరే రాయి మేడం" అంది. ఇక చూసుకోండి. పదకొండుమందిలో తొమ్మిదిమంది అత్తల పేర్లే ఇచ్చారు. జ్యోత్స్న కూడా నవ్వుతూ రాసుకుంది. చిన్న వయసు. నేనైనా చెప్పాల్సింది, కానీ నాది వినే ఉద్యోగం.

పుస్తకం వచ్చింది. ఊరి పేరు వేయలేదు. కానీ బీడీ కార్ఖానా పక్కన నర్సింగ్ హోం అంటే ఆ చుట్టుపక్కల ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. నాలుగో వారం చివర ఆ నర్సింగ్ హోం డాక్టరు ప్రెస్ మీట్ పెట్టాడు. పక్కన తెల్లజుట్టు రాజవ్వని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"పుస్తకంలో ముప్పై నాలుగేళ్ల రాజవ్వకి నేను గర్భసంచి తీశానట. ఇదిగో రాజవ్వ. వయసు అరవై ఎనిమిది. ఏమ్మా, నీకు గర్భసంచి ఉందా?"

"ఉన్నది సారూ" అంది రాజవ్వ, మైకు చూసి బెదిరిపోతూ.

మర్నాడు పేపర్లలో అదే. దొంగ సర్వే. ఆ ఊళ్లో ఇంకో నలుగురు ఆడవాళ్లకి అదే వారం ఆపరేషన్ తేదీలిచ్చారని గంగామణి ఫోన్ చేసి చెప్పింది. వాళ్లలో ఒకామెకి ఇరవై ఏడు. పుస్తకం చూసి వెనక్కి తగ్గినవాళ్లు, పేపరు చూసి మళ్లీ ఒప్పుకున్నారట.

అనసూయ మేడం తల పట్టుకుంది. "జ్యోత్స్నా, గొంతులు వినిపిద్దాం. రెండు నిమిషాలు చాలు. లేకపోతే పుస్తకం వెనక్కి తీసుకోవాలి."

"ఇవాళ్టికి నెల మేడం. చెరిపేస్తానని మాటిచ్చాను."

"ఒక్క వారం ఆగలేవా? ఆ అమ్మాయికి ఆపరేషన్ అయిపోతుందే!"

"వాళ్లని అడక్కుండా వాళ్ల గొంతు బయటపెడితే, ఆ డాక్టరుకీ మనకీ తేడా ఏంటి మేడం? ముందు మాట ప్రకారం చెరిపేసి, తర్వాత వెళ్లి వాళ్లనే అడుగుతా. ఏం చెప్తే అది చేద్దాం."

జ్యోత్స్న మేడం ఎదుటే నన్ను చేతిలోకి తీసుకుంది. పదకొండు ఫైళ్లు. పదకొండుసార్లు అడిగాను, నిజంగానే తీసేయాలా? ప్రతిసారీ స్క్రీన్ చదివి, ఒక్క క్షణం ఆగి, నొక్కింది. చెరపడంలో కూడా మర్యాద ఉంటుందని ఆ రోజే చూశాను.

ఖాళీ కడుపుతో ఆ ఊరికి వెళ్లాను. అదే అరుగు. ఈసారి రాజవ్వ కూడా కూర్చుని ఉంది, మొహం ముడుచుకుని. "తప్పు నాదేనక్కా, అత్తల పేర్లు రాసుకోకుండా ఉండాల్సింది" అని జ్యోత్స్న చెప్పింది. చెరిపేశానని కూడా చెప్పింది.

"అన్ని చెరిపినవా?" గంగామణి కత్తెర కింద పెట్టింది. అన్ని రోజుల్లో ఆమె చేతులు ఆగడం అదే మొదలు.

"మాటిచ్చాను కదా."

"మంచిగ చేసినవ్. ఇప్పుడు మల్ల ఆన్ చెయ్యి. దొంగపేరు వద్దు. నాకేం సిగ్గు? నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

"అక్కా, రేపు ఊళ్లో ఏమైనా అంటే..."

"అననీ. అనేటోళ్లకు గూడ ఇంట్ల పెండ్లాముంది గద, ఆమెకు నడుంనొప్పొస్తే యాడికి పోతరు? ఆన్ చెయ్యి చెల్లె."

నా ఎర్రలైటు వెలిగింది. "నా పేరు గంగామణి. ముప్పై నాలుగేండ్లు. నడుంనొప్పని పోయిన. కేన్సరైతదని బెదిరిచ్చిండ్రు. గర్భసంచి నాది. కాయితం మీద సంతకం నా మొగనిది. నన్నెవ్వలు అడుగలె."

తర్వాత ఫర్జానా. తర్వాత మిగతా తొమ్మిదిమంది, ఒక్కొక్కరు తమ పేరుతో. నన్ను చేతి నుంచి చేతికి పంచుకున్నారు. చివర్లో రాజవ్వ చెయ్యి చాపింది.

"నువ్వెందుకత్తా?" అంది గంగామణి. "నీది నీకుంది గద."

"నోర్ముయ్యే. నా పేరు పెట్టుకోని తిరిగినవ్, నన్నొక మాట అడిగినవా?" అని కోడలిని కసిరి, నన్ను నోటి దగ్గర పెట్టుకుంది రాజవ్వ. "నేను రాజవ్వను. నన్ను కారెక్కిచ్చుకోని తీస్కవోయిండ్రు. నీకు గర్భసంచి ఉందా అన్నరు, ఉందన్న. నీ కోడలికి ఉందా అని ఒక్కడన్న అడిగిండా? అడిగితే చెప్పకపోదునా?"

గంగామణి అత్త ఒళ్లోంచి జారుతున్న చాటని సర్దింది.

రెండో అచ్చు వచ్చింది, పన్నెండు అసలు పేర్లతో. ఊళ్లో దాన్ని అరుగుల మీద గట్టిగా చదివారు. ఆ ఇరవై ఏడేళ్లామె పేరు నేను చెప్పను, ఆమె నాకు ఇవ్వలేదు. అరుగు మీది మాటలు విని, ఆపరేషన్ తేదీ నాడు ఆమె ఇంట్లోనే ఉంది, బీడీలు చుడుతూ. నర్సింగ్ హోం ఇంకా నడుస్తోంది. డాక్టరు నోటీసు పంపాడు. సవ్య వాళ్లు జవాబుతోపాటు ఒక పుస్తకం కూడా పంపారు. ఈసారి ప్రెస్సు ఆయన కట్టని బోర్లా పెట్టలేదు. గంగామణి స్వయంగా వచ్చి తీసుకుంది మరి.

ఇప్పుడు నేను సవ్య ఆఫీసు బీరువా పైన ఉంటాను. జాలీలో తంబాకు ఇంకా పోలేదు. నాలో ఒకటే ఫైలు. దాన్ని చెరపొద్దని వాళ్లే కాగితం మీద వేలిముద్రలేశారు, ఎవరిది వాళ్లే. కావాలంటే ఎవరైనా వచ్చి నా డిలీట్ బటన్ నొక్కి చూడండి. నాలుగు బటన్ల ప్లాస్టిక్ ముక్కనే అయినా, ఎవరో వద్దనుకున్న ఒక క్లాసు పాఠాన్ని తీసేయడానికి కూడా అడిగి తీసినదాన్ని. మిమ్మల్నీ అడుగుతాను.

నిజంగానే తీసేయాలా?