మూడో ప్రకటన

హదస్సా దరఖాస్తును తిరగ్గొట్టారు. ఐదేళ్ళు ఆ దేశంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, ముద్దలు పెట్టి, వాళ్ళ విసుగులన్నీ భరించి, ఇక నన్ను ఇక్కడే శాశ్వతంగా ఉండనివ్వండి అని అడిగితే, రెండు పేజీల ఉత్తరం రాసి కుదరదన్నారు. అందులో కారణం ఒక్క వాక్యమే. ఏ పన్నెండు నెలలు లెక్కేసినా నూట ఎనభై రోజులకు మించి దేశం బయట ఉండకూడదు, మీరు రెండు వందల ఇరవై ఆరు రోజులు ఉన్నారు. ఆ దేశం పేరు చెప్పడం అనవసరం. తప్పు దానిది కాదని కాసేపట్లో తేలిపోతుంది, ఊరికే దాన్ని తిట్టించడం ఎందుకు.

హదస్సా మాత్రం మొదట దాన్నే తిట్టింది. నలభై నాలుగేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. బోయిగూడలో అన్న జెరెమియా ఇంట్లో, హాల్లో దివాన్ మీద పడుకుని, అన్న కూతుర్ని పెంచుతూ పద్ధెనిమిదేళ్ళు గడిపింది. ఎవరు లేస్తే వాళ్ళ అడుగుల చప్పుడుకు తనూ లేచింది. అక్కడికి పోయాకే ఆమెకంటూ ఒక గది దొరికింది. చిన్నదే, కిటికీ తీస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. కానీ దానికి తలుపుంది, తలుపుకు తాళముంది, తాళంచెవి ఆమె పర్సులో ఉంది. ఇప్పుడు జూన్‌లో వీసా అయిపోతే ఆ తాళంచెవి ఎవరికో ఇచ్చేసి వచ్చి మళ్ళీ దివాన్ మీద పడుకోవాలి.

ఇంతకీ ఆ రోజులన్నీ ఎక్కడికి పోయాయంటే, సికింద్రాబాద్‌కే పోయాయి. అంతకుముందు ఏడాది సెప్టెంబర్‌లో వదిన ప్రిసిల్లాకు జబ్బు ముదిరిందని తెలిసి జీతం లేని సెలవు పెట్టి వచ్చింది. డిసెంబర్‌లో వదిన పోయింది. పోయే ముందు హదస్సా చెయ్యి పట్టుకుని, షెకీనా పెండ్లిలో నా జాగాలో నువ్వు నిలబడాలె అని మాట తీసుకుంది. షెకీనా ఆమె ఒక్కగానొక్క కూతురు, సంబంధం అప్పటికే కుదిరింది. మార్చి మూడున పెళ్ళి, ఆరున హదస్సా తిరుగు ప్రయాణం. అలా జరిగి ఉంటే లెక్క నూట డెబ్భై నాలుగు రోజులకు ఆగేది.

జరగలేదు. వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ వివాహం జరగబోతోంది, అభ్యంతరం ఉన్నవారు చెప్పండి అని. రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం చదవలేదు. ఏమైందని అడిగితే, అబ్బాయి వాళ్ళు ఆగమన్నారన్నాడు జెరెమియా. అంతలో శ్రమదినాలు వచ్చిపడ్డాయి. ఆ నలభై రోజులు చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు. ఇక ఈస్టర్ తర్వాతే అన్నారు. పోయి మళ్ళీ వద్దామంటే, ఒకసారి పనిలో చేరాక ఇంకో సెలవు ఇవ్వం అన్నారు అక్కడ. నా రోజులు దాటిపోతయి అన్నా, అంటే జెరెమియా కళ్ళు మూసుకుని, "దేవుని చిత్తం చెల్లె. ఆయన చూసుకుంటడు" అన్నాడు. వదినకు ఇచ్చిన మాట ఉంది కదా. ఆగిపోయింది. ఏప్రిల్ ఇరవై నాలుగున తల్లి స్థానంలో నిలబడింది.

వదిన జబ్బుకు ఆస్పత్రి కాగితాలున్నాయి, మిగతా రోజులు మీ చేతుల్లో లేవని మీ చర్చి నుంచి ఉత్తరం తెండి, వీసా ఉండగానే మళ్ళీ వేద్దాం అన్నాడు అక్కడి లాయరు. అందుకని ఈ ఫిబ్రవరి ఆఖర్లో ఎనిమిది రోజుల సెలవు మీద వచ్చింది. వచ్చేసరికి మళ్ళీ శ్రమదినాలే.

శుక్రవారం మధ్యాహ్నం రాంగోపాల్‌పేట్‌లో చర్చి ఆఫీసుకు పోయింది. అక్కడ ముప్పై ఏళ్ళుగా గుమాస్తాగా పనిచేస్తున్న ఎలీసబెతు ఆంటీ సంగతంతా విని, బీరువాలోంచి ప్రకటనల రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. తేదీలు ఇందులోంచి ఎత్తి ఉత్తరం టైపు కొడతానంది. హదస్సా వేలు పెట్టి వెతికింది. మొదటి ప్రకటన, ఫిబ్రవరి తొమ్మిది. రెండో ప్రకటన, పదహారు. మూడో గడిలో తేదీ లేదు. పెండ్లికూతురు తండ్రి కోరిక మీద ప్రకటన వాపసు అని రాసి ఉంది. అన్న చేతిరాత. కింద సంతకం. సంతకం కింద, ఎవరూ అడక్కపోయినా, సెక్రటరీ, పాస్టరేట్ కమిటీ.

"అబ్బాయి వాళ్ళు కదా ఆంటీ ఆగమన్నది?"

"ఆళ్ళెందుకంటరు బిడ్డా? ఆళ్ళు పత్రికలు సుత అచ్చు కొట్టించిన్రు." ఎలీసబెతు కళ్ళద్దాలు తీసి ఆమె ముఖంలోకి చూసింది. "నీకు తెల్వదా? మీ ఇంట్ల అందరికి ఎరికే అనుకున్న."

"చెప్పుండ్రి."

ఎలీసబెతు తలుపు వైపు ఒకసారి చూసి చెప్పింది. "పాత పాస్టరు అయ్యగారు రెండు వారాలు జెరెమియా గారి కుమార్తె షెకీనా అని చదివిన్రు. సెక్రటరీ జెరెమియా గారి కుమార్తె అని చదవాలన్నడు మీ అన్న. ప్రకటనల హోదాలు చదవం, దేవుని ముందర అందరం ఒక్కటే అన్నరు అయ్యగారు. నా బిడ్డ పెండ్లిల నాకే ఇజ్జత్ లేదా అని చీటీ గుంజుకొని పోయిండు. ఈ రూములనే అయింది లొల్లి, బయట ఎవరికి తెల్వది. వారానికి కోపం దిగి మళ్ళ వచ్చిండు. కని వాపసు తీసుకున్నంక మొదటికెల్లి మూడు వారాలు చదవాలె. నడుమ భస్మ బుధవారం వచ్చె, శ్రమదినాలు మొదలాయె. ఇగ ఈస్టర్ దాకా ఆగుడే అయింది."

హదస్సాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత సిగ్గేసింది, ఇన్ని నెలలు పరాయి దేశపు ఆఫీసరును పేరు తెలియకుండానే శపించినందుకు. ఆ తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క మాట. చర్చిలో చదివితే రెండు క్షణాలు పట్టని ఒక్క మాట చదవలేదని తన బతుకులోంచి యాభై రెండు రోజులు తీసి పారేశాడు, పారేసి దేవుడి మీదికి నెట్టాడు.

"ఉత్తరం ఇప్పుడే కొడత," అంది ఎలీసబెతు. "కని కొత్త అయ్యగారికి అప్పటి సంగతి తెల్వదు. సంతకం సెక్రటరీదే ఉండాలె. ముద్ర సుత ఆయన దగ్గరనే ఉంటది."

"టైపు వద్దాంటీ. లెటర్‌హెడ్ ఒకటియ్యుండ్రి. ఆయన చేతనే రాపిస్త."

రిజిస్టరు పేజీకి జిరాక్సు తీయించుకుని బోయిగూడ దాకా నడిచే పోయింది. దారి పొడుగునా ఆటోవాళ్ళు ఆపి అడిగారు. ఆమె ముఖం చూసి రెండోసారి అడగలేదు.

ఇంట్లో జెరెమియా ఉపవాసం విడవడానికి సగ్గుబియ్యం జావ ముందు పెట్టుకుని ఉన్నాడు. శ్రమదినాల్లో శుక్రవారాలు మధ్యాహ్నం మూడు దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టడు, ఆ సంగతి బోయిగూడలో తెలియనివాళ్ళు లేకుండా చూసుకుంటాడు. రైల్వే ఆఫీసులో చేసి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పదవి చర్చి సెక్రటరీగిరీ ఒక్కటే. షెకీనా అల్వాల్ నుంచి వచ్చి సోఫాలో ముభావంగా కూర్చుంది. పెళ్ళయినప్పటి నుంచి మేనత్తకు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు ఆ పిల్ల.

హదస్సా జిరాక్సును జావ గిన్నె పక్కన పెట్టింది.

"ఇదెవరిచ్చిన్రు నీకు?" అన్నాడు జెరెమియా. దొరికిపోయిన మనిషికి ముందు కావాల్సింది అదే.

"చేతిరాత నీదేనా, కాదా?"

"శ్రమదినాల్ల ఇంత కోపం మంచిది కాదు చెల్లె."

"నలభై రోజులే నీకు. నాకు ఏడాది నుంచి అవే నడుస్తున్నయి. నా రోజులు దాటిపోతున్నయి అని నీ ముందర నిలబడి చెప్పిన. దేవుని చిత్తం అన్నవ్. ఇది దేవుని సంతకమా?"

జెరెమియా స్పూను కింద పెట్టాడు. "అయిందేదో అయింది. ఇప్పుడు నీ పని కావాలె, అంతే కదా. తెలిసిన డాక్టరున్నడు. నీకు కామెర్లు అయినయి, ప్రయాణం చెయ్యొద్దన్న అని రాసిస్తడు."

ఏడాది పాటు ఒక అబద్ధం కింద పడి నలిగిన మనిషికి ఇంకో అబద్ధం ఇవ్వబోతున్నాడు, అదీ ఏదో మేలు చేస్తున్నట్టు. హదస్సాకు ఆ గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. అంతలో షెకీనా లేచి వచ్చి ఆ కాగితం తీసుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"అత్తమ్మా, నువ్వే కదా ఈస్టర్ దాకా ఆగాలన్నది?"

"నేనా?"

"అమ్మ పోయి మూడు నెలలు సుత కాలే, ఇప్పుడు వద్దు అని నువ్వు పట్టు పట్టినవంట. మా అత్తగారు ఇప్పటికి అంటది, మీ మేనత్త వల్లనే పత్రికలు మళ్ళ అచ్చు కొట్టించినం అని. నేను సుత నీ మీద కోపం పెట్టుకున్న."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

షెకీనా తండ్రి వైపు చూసింది. జెరెమియా జావ వైపు చూశాడు.

అంటే ఈ ఇంట్లో ఆయన మగపెళ్ళివారిని చూపించి చెల్లెలి నోరు మూయించాడు, ఆ ఇంట్లో చెల్లెలిని చూపించి వియ్యంకుల నోరు మూయించాడు. తను పెంచిన పిల్ల ఫోన్ చెయ్యకపోతే కొత్త కాపురం కదా, తీరిక లేదేమో అని సర్దిచెప్పుకుంటూ హదస్సా ఆ దేశంలోని తన గదిలో ఎన్ని ఆదివారాలు ఎదురుచూసిందో. ఆ పిల్లను కూడా తీసేసుకున్నాడు. ఇక కోపం చూపించడానికి ఆమెకు గొంతు పెంచాల్సిన పని లేకపోయింది.

ఆమె లెటర్‌హెడ్ తీసి ఆయన ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

"రాయి. మూడో ప్రకటనను నేనే వాపసు తీసుకున్న. దాని వల్ల పెండ్లి ఏప్రిల్‌కు పోయింది. ఈ సంగతి నా చెల్లెకు తెల్వదు, అబ్బాయి వాళ్ళ మీద పెట్టి చెప్పిన. ఇంగ్లీషుల రాయి, ఆఫీసుల చదవాలె."

"పిచ్చా నీకు? వచ్చే నెల కమిటీ ఎలక్షన్లు. దీని కాపీ ఆఫీసు ఫైల్ల ఉంటది. రేపు నా ముఖం ఏడ పెట్టుకోవాలె?"

"జూన్‌ల నా తాళంచెవి ఏడ పెట్టుకోవాల్నో చెప్పు, తర్వాత నీ ముఖం సంగతి చూద్దాం."

ఆయన కూతురి వైపు చూశాడు, ఒక్క మాట తన వైపు మాట్లాడుతుందేమోనని. షెకీనా లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాడు. బీరువా తెరిచిన చప్పుడైంది. చర్చి ముద్ర, ఇంకు ప్యాడు తెచ్చి లెటర్‌హెడ్ పక్కన పెట్టింది.

"రాయి డాడీ," అంది.

జెరెమియా రాశాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా హదస్సా అదే వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. గిన్నెలో జావ మీద పొర కట్టింది. ఈ ఉత్తరం చూసి అక్కడివాళ్ళు ఒప్పుకుంటారన్న నమ్మకం ఆమెకు పెద్దగా లేదు. నూట ఎనభై అంటే నూట ఎనభయ్యే అనొచ్చు వాళ్ళు. అన్నా సరే, తన రోజులు ఎవరు తిన్నారో కాగితం మీద ఉండాలి.

చివర ఆయన సంతకం పెట్టి, ముద్ర ఆమె వైపు తోసి, పెన్ను మూత పెట్టబోయాడు.

"ఆగు," అంది హదస్సా. "పేరు కింద రాయలే."

"ఏం రాయాలె?"

"సెక్రటరీ అని."

జెరెమియా తలెత్తలేదు.

"దాని కోసమే కదన్నా ఇదంత," అంది ఆమె. "రాయి."