వెదురు తోపులో కూలిన గోడ

రంపం పట్టుకుని తొరకిచి తన తోట గట్టు దాటి లోపలికి రావడం చూడగానే ఇవావో పలుగెత్తుకుని కొండ దిగాడు.

"ఆగరా! ఇంకో అడుగేశావంటే తల పగలగొడతాను."

"పగలగొట్టు, చూస్తాను. నేను తిరిగొచ్చినప్పట్నుంచీ అరవడం తప్ప ఏం చేశావు?" తొరకిచి నవ్వాడు.

ఒకప్పుడు ఆ దీవి కొండంతా మెట్లుమెట్లుగా కమలా తోటలే. జనం పడవలెక్కి పెద్ద ఊళ్లకు పోయాక తోటల్లోకి వెదురు పాకింది. సముద్రం ఈదుకుంటూ వచ్చిన అడవిపందులు ఆ వెదురులో కాపురం పెట్టాయి. తొరకిచి కూడా ఓడలు కట్టే చోట పనికి పోయాడు. పోతూ పోతూ, ఇవావో ఇంటి పైన ఉబ్బి ఉన్న తన తోట రాతిగోడను అలాగే వదిలేశాడు. ఆ ఏటి తుఫానుకి గోడ కూలింది, కొండ బురదై జారింది, వంటింట్లో ఉన్న ఇవావో భార్య కినుయేని కప్పేసింది. ఇవావో ఉత్తచేతులతో తవ్వాడు. గోళ్లు ఊడాయిగానీ ఆమె దక్కలేదు. ఆ తర్వాత కొండ మీదున్న తన మడిలోని ఊటకు బండలు అడ్డం వేసేశాడు, తొరకిచి నేలకు చుక్క నీరు దిగకుండా.

ఇప్పుడు తొరకిచి ముసలితనానికి ఊరు చేరాడు. పెద్ద ఊరి నుంచి చినాత్సు అనే అమ్మాయి వచ్చి, వెదురు నరికి, గోడలు కట్టి, పాత నీటి బోదె తెరిచి కొండను మళ్లీ తోటలు చేద్దామంది. కింద ఖాళీ ఇళ్లలో పిల్లలున్న రెండు కుటుంబాలను కూడా దించింది.

"వెదురు వేళ్లు పైపైనే ఉంటాయి బాబాయ్. పెద్ద వానొస్తే ఈ కొండ ఆ పిల్లల మీదికే జారుతుంది," అని బతిమాలింది. ఇవావో పలుగు తీసుకుని పై మడికి వెళ్లిపోయాడు.

ఈ ఉదయం తొరకిచి అతన్ని అడక్కుండానే వెదురు కోతకు దిగాడు.

"చచ్చినవాళ్ల కోసం బతికున్నవాళ్ల నోట్లో మట్టి కొడతావా?" అన్నాడు తొరకిచి, నవ్వు ఆపి.

ఇవావో పలుగు తిప్పి మొండి వైపుతో మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు రాలాయి. తొరకిచి నెత్తురు ఉమ్మి, రంపంతో ఇవావో మోచేతి మీద ఒక్క గీత గీశాడు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని పొదల్లోకి దొర్లారు. కింద నుంచి చినాత్సు కేకలు పెడుతూ పరుగెత్తుకొస్తోంది.

పొద చీలింది. పిల్లలతో ఉన్న ఆడపంది. ఇవావో పక్కకి దొర్లాడు, తొరకిచి దొర్లలేకపోయాడు. పంది అతని తొడ పట్టి కండ ఊడేలా గుంజింది. తొరకిచి కేక కొండంతా మోగింది.

ఇవావో లేచి నిలబడ్డాడు. పలుగు కాళ్ల దగ్గరే ఉంది. తీయలేదు. కినుయే కూడా ఇలాగే అరిచి ఉంటుంది, ఎవరికీ వినపడి ఉండదు అనుకున్నాడు. చల్లటి నీళ్లు తాగినంత హాయిగా అనిపించింది.

"బాబాయ్!" చినాత్సు అరిచింది.

అప్పుడు తీశాడు. పంది మెడలో దించాడు, లాగి మళ్లీ దించాడు. అది పడిపోయాక కూడా ఆగలేదు. చినాత్సు వచ్చి భుజం పట్టి లాగితే, తలగుడ్డ విప్పి తొరకిచి తొడకు బిగించి కట్టాడు.

ఆసుపత్రిలో కాలు తీసేశారు. ఇవావో చూడబోయాడు.

"నిలబడి చూశావు కదూ?" అన్నాడు తొరకిచి, పళ్లు ఊడిన నోటితో.

"చూశాను."

తొరకిచి గోడవైపు తిరిగి పడుకుని అన్నాడు: "ఆ గోడ నిలవదని నాకు తెలుసురా. తెలిసే పడవెక్కాను."

ఇవావో తలగడ లాక్కున్నాడు. ఆ మొహం మీద పెట్టి నొక్కెయ్యాలనిపించింది. తలగడ నేలకేసి కొట్టి, బయటికొచ్చి, దీవికి పోయే పడవెక్కాడు.

మర్నాడు ఊట దగ్గరి బండలను పలుగుతో ఒక్కొక్కటే పెకలించాడు. చినాత్సు సాయానికి వంగబోతే కసిరాడు.

"బోదె మీరు తవ్వుకోండి. వెదురూ నరుక్కోండి. వాడి గోడ మాత్రం నేనే కడతాను, మళ్లీ ఎవరి మీదా కూలకుండా. ఇంకెవరూ ఒక్క రాయి కూడా ముట్టుకోవద్దు."

"అతన్ని క్షమించారా బాబాయ్?"

"లేదు," అన్నాడు ఇవావో, తర్వాతి బండ కింద పలుగు దూరుస్తూ.