జంగు ఇంటికి నీళ్లు

నేహాకు ఆరేళ్లప్పుడు వాళ్ల నాన్నను ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో నక్సలైట్ అన్నలు చంపేశారు. తర్వాత పోలీసులు వచ్చి ఊళ్లో వాళ్లను కొట్టారు. ఇద్దరి మధ్య బతకలేక నానమ్మ పోశక్క పిల్లను వెంటబెట్టుకుని ఇంద్రావతి నది దాటి సిరొంచ చేరింది. నర్సక్క అనే తెలుగు రైతు తన మిరపచేను పక్కన గుడిసె వేసుకోనిచ్చింది. ఆమెకు గోండి రాదు, వీళ్లకు అప్పట్లో తెలుగు రాదు. అయినా ఏమీ అడగకుండా చోటిచ్చిందని పోశక్క అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆమెను తలుచుకునేది. అలా వచ్చినవాళ్లతో అక్కడో చిన్న గూడెం వెలిసింది.

నేహా తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు, గూడెం చివర జంగు కుటుంబం దిగింది. జంగు అన్నల్లో పనిచేసి పోలీసులకు లొంగిపోయినవాడు. బోరింగు దగ్గర అతని భార్యను ఎవరూ బిందె పెట్టనివ్వలేదు. ఆమె, కొడుకు విలాస్ ప్రాణహిత దాకా నడిచి నీళ్లు తెచ్చుకునేవారు. బడిలో విలాస్ పక్కన ఎవరూ కూర్చోలేదు. నేహా కూడా.

ఒక సాయంత్రం నీళ్లు మోసుకొస్తూ విలాస్ దారిలో జారిపడ్డాడు. ఏడవలేదు. ఖాళీ బిందె ఎత్తుకుని మళ్లీ ఏటి వైపే తిరిగాడు. నేహా అది చూసింది.

తెల్లారి బోరింగు కొట్టి, బిందె నింపి, జంగు ఇంటి వైపు నడిచింది. తోటి పిల్లవాడు భీము అడ్డం వచ్చాడు.

"అన్నలు మా ఇల్లు కాలవెట్టింది మర్చిపోయినవా?"

"మర్చిపోలే. మా నాయిన పోయింది గుడ మర్చిపోలే. గని విలాస్ ఏం జేసిండు?"

భీము దారి వదిలాడు. మర్నాడు తానూ బకెట్టుతో వచ్చాడు. ఆ తర్వాత మిగతా పిల్లలూ వంతులు వేసుకున్నారు. పెద్దవాళ్లు తిట్టారు. జంగు భార్యను బిందె పెట్టనిస్తే తాము మోయడం మానేస్తామన్నారు పిల్లలు. కొన్నాళ్లకు బోరింగు దగ్గర ఆడవాళ్లే పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు.

ఆ ఆదివారం జంగు వచ్చి పోశక్క వాకిట్లో తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె కొడుకును చంపిన దళంలో తాను లేనని, కానీ తానూ అదే తుపాకీ మోశానని చెప్పాడు. పోశక్క చాలాసేపు ఏడ్చింది.

"నిన్ను సూస్తే నా కొడుకు యాదికొస్తడు. కూసొమ్మని ఇప్పుడే అనలేను. నీ పోరడు మాత్రం మా ఇంటికి రావచ్చు."

జంగు దండం పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం అతని భార్య ఇప్పపూలు వేయించి ఆకు దొప్పలో తెచ్చింది. ఇక్కడికి వచ్చాక కొడుకు నవ్వగా ఇవాళే చూశానంటూ నేహా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. నానమ్మ దొప్పలోంచి ఒక పువ్వు తీసి నోట్లో వేసుకుంది. రెండోది మనవరాలి చేతిలో పెట్టింది.