ఊపిరాడని చెరువు

బడులు తెరిచిన వారంలోనే చెరువులో చేపలన్నీ తెల్లగా పైకి తేలాయి. పొద్దున్నే లేయా ఫోన్ చేసి ఒక్క మాటే అంది. "సుసన్నా, గట్టు మీదకి రా."

సుసన్నా ఆ ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. లేయా ఆమెకు వదిన, సొంత అన్న భార్య. పేటలోని ఆడవాళ్ళంతా సంఘం పెట్టుకుని, చెరువు పాటకు తీసుకుని, చేపపిల్లలు వదిలి, ఏడాది పొడుగునా తవుడు చల్లి పెంచుకున్నారు. ఇంకో నెలలో వల వేయాల్సింది. సుసన్నా వెళ్ళేసరికి బొచ్చెలూ శీలావతులూ గట్టు వెంట కుప్పలుగా పడున్నాయి. నోళ్ళన్నీ తెరుచుకునే ఉన్నాయి. చెరువంతా పులిసిన మామిడి వాసన.

ఆ వాసన ఎక్కడిదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగువన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కలెక్టర్ రకం మామిడికాయల సీజను. రెడ్డిగూడెం వైపు నుంచి లారీలు వస్తూనే ఉంటాయి. తొక్కలూ టెంకలూ కడిగిన నీళ్ళు గొట్టంలోంచి కాలవలోకి, కాలవలోంచి చెరువులోకి పచ్చగా, చిక్కగా దిగుతున్నాయి. లేయా పని చేసేది కూడా అక్కడే. కాయలు ఏరుతుంది.

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ యజమాని లక్ష్మీనరసింహారావు తానే కారేసుకుని వచ్చాడు. నూజివీడులో తాతల నాటి నుంచీ మామిడి వ్యాపారం వాళ్ళది. ఎవరినీ కసురుకోడు, ఎవరి మాటా వినడు.

"నా ఫ్యాక్టరీలో మందులెక్కడివమ్మా? పండు తప్ప ఇంకోటి లేదు. ఈ ఎండలకి చచ్చుంటాయి" అంటూ స్టీలు గ్లాసు తెప్పించి, గొట్టం కింద పట్టి, అందరూ చూస్తుండగా గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని నవ్వాడు. "చచ్చానా?"

జనం మొహమొహాలు చూసుకున్నారు. అంతలో ఎవరో బురదలోంచి కొరమీనును పట్టి చూపించారు. అది గిలగిలా కొట్టుకుంటోంది.

"విషమైతే ఇది కూడా చావాలిగా?" అన్నాడు రావు.

లేయా తలొంచుకుంది. సుసన్నాకు ఒళ్ళు మండింది. ఆయన అబద్ధమాడుంటే ఇంత కోపం వచ్చేది కాదు. మందుల్లేవన్నది నిజమే, అయినా చేపలన్నీ చచ్చాయి.

"విషమని మేమనలేదండీ" అంది ముందుకొచ్చి. "మీరు తాగింది కడుపులోకి పోయింది. ఊపిరి మాత్రం పైగాలి పీల్చుకున్నారు. చేపకి ఆ వీల్లేదు. నీళ్ళల్లో కరిగిన గాలే దానికి దిక్కు. మీ తియ్యటి నీళ్ళు తిని కంటికి కనపడని జీవులు కోట్లకి కోట్లు పుట్టుకొస్తున్నాయి. ఉన్న గాలంతా అవే పీల్చేస్తున్నాయి. కొరమీను పైకొచ్చి నోటితో గాలి మింగుతుంది. అందుకే బతికింది."

"చదువుకున్నవాళ్ళు ఎన్నైనా చెబుతారు టీచర్ గారూ. కంటికి చూపించండి."

"రేపు పంచాయతీ అరుగు మీద చూపిస్తాను. మీరే వచ్చి కూర్చోండి."

సాయంత్రం హెడ్మాస్టరు చిన్నరాయప్ప ఫోన్ చేశాడు. "మన బడికి ల్యాబ్ కట్టించింది ఆయనేనమ్మా. అందులో సీసాలు తీసుకెళ్ళి ఆయన మీదే ప్రయోగాలంటే ఏం బాగుంటుంది?"

"ల్యాబ్ కట్టించింది ప్రయోగాలు చేయడానికేగా సార్?" అంది సుసన్నా. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆమెకు అనిపించలేదు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే అరుగు చుట్టూ చేరారు. సుసన్నా ఒక సీసాలో బోరు నీళ్ళు, ఇంకో సీసాలో చెరువు నీళ్ళు మూతిదాకా నింపింది. పిల్లలకి కణాలు చూపించడానికి వాడే నీలిరంగు రెంటిలోనూ కొద్దిగా వేసింది. రెండూ ఒకే నీలం. "లోపల గాలున్నంతసేపూ ఈ రంగు ఉంటుంది. గాలైపోతే పోతుంది. మూతలు మీరే బిగించండి" అంది రావుతో. ఆయన బిగించి, నీడలో కుర్చీ వేసుకున్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. కొందరు విసుక్కుని లేచిపోయారు. ఆయన వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. భోజనాలై జనం మళ్ళీ వచ్చేసరికి చెరువు నీళ్ళ సీసా అడుగున రంగు పలచబడింది. తర్వాత అది పైపైకి పాకింది. ఎండ వాలేసరికి ఆ సీసాలో నీలమన్నదే లేదు. బోరు నీళ్ళది మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏదో కలిపారు" అన్నాడు రావు.

సుసన్నా ఆ సీసాలో సగం ఒంపేసి ఆయన చేతికిచ్చింది. "మూత పెట్టి గట్టిగా కుదపండి."

కుదిపాడు. కుదుపుతుండగానే ఆయన చేతిలో నీళ్ళు మళ్ళీ నీలమయ్యాయి.

"గాలి తగిలిందండీ. అంతే."

"అంటే మన చేపల్ని ముక్కుమూసి చంపినట్టేనా!" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

రావు సీసా కింద పెట్టి లేచాడు. "అయితే ఫ్యాక్టరీ మూసేస్తాను. మీ ఆడవాళ్ళందరికీ పనులెవరిస్తారో టీచర్ గారినే అడగండి."

జనం సుసన్నా వైపు తిరిగారు. అప్పుడు లేయా లేచింది.

"మూయమని ఎవరన్నారండీ? కాయలు మేం ఏరతాం, మీరు అమ్ముకోండి. మీ నీళ్ళు మాత్రం మీ ఆవరణలోనే ఉంచుకోండి."

సోమవారం గొట్టం మామూలుగానే పారింది. మంగళవారం తెల్లవారేసరికి లేయా, పేట ఆడవాళ్ళు కాలవలోకి దిగారు. ఇసుక బస్తాలు, ఎర్రమట్టి, విరిగిన పళ్ళ పెట్టెలు, చేతికందిందల్లా గొట్టం మూతికి కుక్కారు. మొదటి బెల్లు కొట్టే వేళకి సుసన్నా బడిలో లేదు. చీర చెంగు దోపుకుని మోకాలి లోతు కంపులో నిలబడి బస్తాలు అందిస్తోంది. గొట్టం వెనక్కి తన్నింది. పచ్చటి నీళ్ళు ఆవరణంతా నిండి, లారీల చక్రాలు మునిగి, ఆఫీసు గదిలోకి జొరబడ్డాయి.

జీపులో ఎస్సై వచ్చాడు. "ఎవరు చేశారిది?"

"నేనే" అంది లేయా.

"నేను కూడా. సుసన్నా, సైన్సు టీచర్ని. రాసుకోండి" అంది సుసన్నా. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు తమ పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. ఎస్సై పెన్ను జేబులో పెట్టుకుని రావు వైపు తిరిగాడు. "ఇంతమందిని నేనెక్కడ కూర్చోబెట్టనండీ? ఆ నీళ్ళ సంగతేదో చూసుకోండి ముందు."

లారీల్లో కాయలు మగ్గిపోతున్నాయి. రావు ఆ రోజే జేసీబీ పిలిపించి ఆవరణలో గుంట తవ్వించాడు. కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి పట్టించే కరెంటు చక్రాలు తెప్పించి అందులో దింపాడు. అక్కడ గాలి పట్టిన నీళ్ళనే కాలవలోకి వదలడం మొదలుపెట్టాడు.

అంతటితో అయిపోలేదు. లేయాను మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. ఇప్పుడు ఆగిరిపల్లి తోటల్లో కోతకి పోతోంది. సుసన్నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. "చేశాను, మళ్ళీ చేస్తాను" అని రాసిచ్చింది. చెరువులో కొత్త పిల్లల్ని వదిలారు.

కరెంటు మిగులుతుందని అప్పుడప్పుడూ చక్రాలు ఆపేస్తుంటారు. పనులకి పోతూ ఆడవాళ్ళు ఫ్యాక్టరీ గోడ దగ్గర చెవొగ్గి వింటారు. చప్పుడు లేకపోతే ఎవరూ ముందుకి కదలరు. గేటు ముందే బైఠాయించి, చక్రం తిరిగేదాకా ఒక్క లారీనీ లోపలికి పోనివ్వరు.