ఆఫీసు తలుపు నంబరు మీద ఎర్ర చుక్క

ఇరవై ఆరేళ్లుగా ఈ ఆరోగ్య కార్యాలయంలో రిజిస్టర్లు రాస్తున్నాను. ఎవరికి జ్వరం, ఎవరికి కామెర్లు, ఎవరికి వాంతులు విరేచనాలు, ఏ ఇంట్లో, ఏ తేదీన, అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. అందుకే నన్ను అందరూ రిజిస్టరమ్మ అంటారు. ముక్కు మీద కోపం అని కూడా అంటారు. అదీ నిజమే గాని, నా రాతలో ఒక్క కొట్టివేత చూపించండి చూద్దాం అని ఎదురడుగుతాను.

పోయిన ఏడాది ప్రభుత్వం ప్రజారోగ్య సమాచార వ్యవస్థ ఆధునికీకరణకు నిధులు మంజూరు చేసింది. ఆ మాట పైకి చదవడానికి మా పెద్ద డాక్టరుగారు మధ్యలో ఒకసారి గుటక వేశారు. అర్థం చెప్పమంటే, ఇకనుంచి రిజిస్టర్లు ఉండవు, ప్రతి ఆసుపత్రి నుంచీ వివరాలు నేరుగా కంప్యూటర్లోకి వచ్చి పడతాయి, ఏ వీధిలో ఏ జబ్బు ముదురుతోందో అదే రోజు తెరమీద కనబడుతుంది అన్నారు. ఇప్పటిదాకా ఆ సంగతి పై ఆఫీసుకు తెలిసేసరికి నెలన్నర పట్టేది. ఆలోగా జబ్బు తన దారిన తాను పోయేది, ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని. అందుకని నిధులు వచ్చినందుకు నాకూ సంతోషమే.

బాధల్లా ఒక్కటే. కొత్త పద్ధతిలో మా గదికి ఒకే ఒక్క కుర్చీ మిగిలింది. దానికి నేను పనికొస్తానని పెద్ద డాక్టరుగారు రాస్తే ఇక్కడే ఉంటాను. లేకపోతే ఊరవతల మందుల గోదాములో పెట్టెలు లెక్కపెట్టుకుంటూ మిగిలిన నాలుగేళ్లూ గడపాలి. ఈ వయసులో నానా తంటాలూ పడి కంప్యూటర్ నేర్చుకున్నాను. మా ఆయన దర్జీ. తన కత్తిరింపు బల్ల మీద సుద్దతో మీటలు గీసిపెడితే, సాయంత్రాలు వాటి మీద వేళ్లు ఆడిస్తూ అలవాటు చేసుకున్నాను. ఎవరి చొక్కా గుడ్డో ఆ బల్ల మీద పరిస్తే, ఆ సుద్ద అక్షరాలు దానికి అంటుకుని, ఆయన చేత మాటలు కూడా పడ్డాను. అంత కష్టపడింది గోదాముకి పోవడానికి కాదు కదా.

పని నడిపించడానికి పై ఆఫీసు ఒక కంప్యూటరమ్మాయిని పంపింది. చురుకైనదే గాని మొదటి రోజే నన్ను "ఆంటీ" అంది. "నేను నీకు ఏ వైపు ఆంటీని?" అన్నాను. అప్పటినుంచి మేడమ్ అంటోంది. టైపిస్టులను పెట్టి పన్నెండేళ్ల రిజిస్టర్లు ఎక్కించింది. ఒక సోమవారం పొద్దున ఊరి పటం తెరమీద పరిచి, ఆ పన్నెండేళ్ల జబ్బులన్నీ చుక్కలుగా పెట్టింది. ఎక్కడ కేసులు ఎక్కువుంటే అక్కడ చుక్క ఎర్రబడి ఉబ్బుతుందట.

ఊరంతా సన్నని చుక్కలే. ఒక్కచోట మాత్రం పెసరగింజల మధ్య పెద్ద దానిమ్మపండు పెట్టినట్టు ఎర్రగా ఉంది.

"ఇదెక్కడమ్మా?" పెద్ద డాక్టరుగారు కళ్లజోడు పైకి తోసుకుని అడిగారు.

"ఇక్కడే సార్. మనం నించున్న చోటే."

కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు, అన్నీ మా ఆఫీసులోనే. డాక్టరుగారు అప్పటికప్పుడు మేడమీది నీళ్ల ట్యాంకుకు తాళం వేయించారు. పరీక్షకు సీసాల్లో నీళ్లు పంపించారు. మధ్యాహ్నానికల్లా ఇద్దరు గుమస్తాలకు కడుపులో నొప్పి మొదలైంది. పన్నెండేళ్లుగా అవే నీళ్లు తాగి గుండ్రాళ్లలా ఉన్న మనుషులు!

నాకు మాత్రం చూడగానే తెలిసిపోయింది. ఆ చుక్క నాదే.

సంగతి ఏమిటంటే, మా నెలవారీ నివేదికలో ఒక్క గడి ఖాళీ ఉన్నా పై ఆఫీసు కాగితమంతా వెనక్కి కొట్టేది. అందరికీ ఇళ్లుంటాయా? వంతెన పనికి వచ్చినవాళ్లు, గుడారాలు వేసుకుని నాలుగు నెలలుండి పోయేవాళ్లు, మార్కెట్ అరుగుల మీద పడుకునేవాళ్లు. అడ్రసు అడిగితే తల గోక్కునేవారు. నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్దాయన, "మన ఆఫీసు తలుపు నంబరు వేసెయ్యమ్మా, అదీ అడ్రసే కదా" అన్నాడు. వేశాను. అప్పటినుంచీ వేస్తూనే ఉన్నాను. మందులు పట్టుకెళ్లే నర్సుకి మాత్రం మనిషి దొరకాలి కాబట్టి, అసలు చోటు అంచులో పెన్సిల్‌తో చిన్నగా రాసేదాన్ని. టైపిస్టులు గడుల్లో ఉన్నది కొట్టారు. అంచుల జోలికి పోలేదు.

మర్నాడు నీళ్ల పరీక్షలో ఏ దోషమూ లేదని తేలింది. కంప్యూటరమ్మాయి జాబితా తిరగేసి, అందరికీ ఒకే తలుపు నంబరు ఉందని కనిపెట్టింది.

"ఆరు వందల నలభై మంది సార్. టైపిస్టులెవరో తప్పు కొట్టినట్టున్నారు. తీసేస్తాను, పటం శుభ్రంగా ఉంటుంది. గురువారం తనిఖీ ఉంది కదా."

"తీసేయమ్మా, తీసేయ్" అన్నారు డాక్టరుగారు. ఆయన కంగారు ఆయనది. తనిఖీలో లెక్క కుదిరితేనే రెండో విడత నిధులొస్తాయి. లేకపోతే సగం లాగిన వైర్లూ, పెట్టెల్లోనే ఉన్న మిషన్లూ అలాగే పడుంటాయి. నేను నోరు మెదపలేదు. ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారని తర్వాత అందరూ అన్నారు.

ఇంటికి వెళ్తే మా ఆయన మిషను ఆపి నా మొహం చూశారు.

"ఏమిటి, ఇవాళ ఎవర్నీ తిట్టినట్టు లేవు. ఒంట్లో బాగాలేదా?"

అంతా చెప్పాను.

"చెప్పకపోతే ఏమవుతుంది?"

"ఆ ఆరు వందల నలభై మందికీ అసలు జబ్బే రానట్టు."

"చెబితే?"

"గోదాము."

ఆయన దారం పళ్లతో తెంపి, "నేను కుట్టిన చొక్కాకి గుండీ వంకరగా పడితే వీధంతా వినబడేలా చెప్తావు. నీదాకా వచ్చేసరికి ఈ నసుగుడేమిటి?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. పనికొచ్చే మాట కాకపోయుంటే అంత మండేది కాదు. నాలుగేళ్ల కిందట కామెర్లతో వచ్చిన ఒక పిల్ల గుర్తొచ్చింది. కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. పాపం, ఇల్లెక్కడే అని అడిగితే వాళ్ల నాన్న వైపు చూసింది, ఆయన నేల వైపు చూశాడు. ఆ పిల్లనీ తీసేస్తారన్నమాట. ఆ ఊహకే నాకు ఏడుపొచ్చింది.

బుధవారం చెబుదామని డాక్టరుగారి గదికి మూడుసార్లు వెళ్లాను. గోడలకు రంగులు వేయిస్తూ, "తర్వాత రిజిస్టరమ్మా, తర్వాత" అన్నారు. ఆ తర్వాత అనేది రాకుండానే గురువారం వచ్చేసింది.

తనిఖీకి వచ్చినావిడ సన్నగా, అరిగిన చెప్పులతో, ఎవరి పొగడ్తలూ చెవిన వేసుకోకుండా నేరుగా తెర ముందు కూర్చుంది. సంచీలోంచి మా పాత నెలవారీ నివేదికల కట్ట తీసింది.

"డాక్టరుగారూ, వీటిలో ఉన్న కేసులూ మీ తెరమీద కేసులూ కలవట్లేదు. ఆరు వందల నలభై తక్కువ. వాళ్లంతా ఏమయ్యారు?"

డాక్టరుగారు కంప్యూటరమ్మాయి వైపు చూశారు. "టైపిస్టుల పొరపాటు మేడమ్, తప్పుడు అడ్రసులు, అందుకని..." అని కంప్యూటరమ్మాయి మొదలుపెట్టింది.

నేను లేచి నించున్నాను.

"టైపిస్టుల తప్పేం లేదు మేడమ్. ఆ అడ్రసు వేసింది నేను. ఇల్లు లేనివాళ్లందరికీ మన ఆఫీసు నంబరు వేశాను. వాళ్లెక్కడుండేవాళ్లో నా దగ్గరుంది."

పోయిన ఏడాది రిజిస్టరు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ అంచుల్లోకి వంగి చూసి, "ఇది భాషేనా?" అంది.

"నా పెన్సిల్ రాత మేడమ్. నేను చదువుతాను."

"చదవండి. అమ్మాయీ, నువ్వు కొట్టు."

నేను చదువుతుంటే కంప్యూటరమ్మాయి కొట్టింది. వంతెన కింద, మూడో స్తంభం. పాత సినిమాహాలు వెనక గుడారాలు. మార్కెట్ వెనక కుళాయి దగ్గర. మళ్లీ కుళాయి దగ్గర. మళ్లీ కుళాయి దగ్గర. డెబ్బై ఒక్క పేర్లు అయ్యేసరికి ఊళ్లో ఇంకోచోట ఎర్రచుక్క మొలిచింది. ముప్పై ఎనిమిది మంది, అదే కుళాయి. ఆ పేర్లు నేనే రాశాను, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పేజీల్లో. ఒక్కసారి కూడా కలిపి చూడలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పక్కన కంప్యూటరమ్మాయి "అబ్బ!" అంది, మేడమ్ అనడం కూడా మర్చిపోయి నా చెయ్యి పట్టుకుంది.

డాక్టరుగారు అక్కణ్నుంచే నీటి సరఫరా వాళ్లకు ఫోన్ చేశారు. మర్నాడు తవ్వితే, మురుక్కాలవ కిందుగా పోయే చోట ఆ కుళాయి గొట్టం పగిలి ఉంది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ నాతో, "తప్పు తప్పే. మీ పేరు మీద రాస్తాను" అంది.

"రాయండి మేడమ్" అన్నాను. ఆ పూట గోదాముకి సిద్ధపడే ఇంటికెళ్లాను.

మూడు వారాలకు ఒకే కవరులో మూడు కాగితాలొచ్చాయి. ఒకటి నాకు మందలింపు. రెండోది రెండో విడత నిధుల ఉత్తర్వు, అడ్రసు లేనివాళ్ల కోసం "నీళ్లు ఎక్కడ పట్టుకుంటారు" అనే గడి అన్ని ఆఫీసుల్లోనూ చేర్చాలన్న షరతుతో. మూడోది ఆ కుర్చీ నాకే ఇస్తూ. మిగతా పదకొండేళ్ల పెన్సిల్ రాత నేను తప్ప ఇంకెవరూ చదవలేరని డాక్టరుగారు రాశారట. మా ఆయన మూడూ చదివి, "నీ రాత బాగాలేదని ఇరవై ఆరేళ్లకి ప్రభుత్వమే ఒప్పుకుంది" అని పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వాగలేదు.

కొత్త గడి వచ్చిన వారానికి ఒకావిడ నాలుగేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని నా కిటికీ దగ్గరకొచ్చింది. వాడి ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుగారు చూసి మందులిచ్చారు. పేరు, వయసు కొట్టాను. అడ్రసు అడగ్గానే ఆవిడ మొహం వాడిపోయింది.

"మాకు ఇల్లంటూ లేదమ్మా. పోయినసారిలాగే మీరే ఏదో ఒకటి రాసేసుకోండి."

"అక్కర్లేదమ్మా. నీళ్లెక్కడ పట్టుకుంటారు?"

"పాత రైలుపెట్టెలు పడేశారు చూడండి, అక్కడి ట్యాంకు దగ్గర. ఆ పక్కనే ఉంటాం."

కొట్టాను. కంప్యూటర్ వెనక్కి కొట్టకుండా తీసుకుంది.

"పిల్లాణ్ని చూడ్డానికి రేపు పొద్దున నర్సు వస్తుంది" అన్నాను.

"ఆవిడకి దారి తెలుస్తుందా?"

తెర ఆవిడ వైపు తిప్పి, పటంలో కొత్తగా పడిన చుక్క మీద వేలు పెట్టాను. "ఇదిగో, మీరుండే చోటు ఇదే."

ఆవిడ చాలాసేపు చూసింది. చంకలో పిల్లాణ్ని కాస్త పైకెత్తి, వాడి చెవి దగ్గర, "చూడు నాన్నా, మన ఇల్లు" అంది.