మొదటి శారద యాడికి పోయె?

"రంగీ, కండె!"

మగ్గం గుంతలో నుంచి భీమప్ప అరిసినాడు. ఆ ఇంట్లో రంగమ్మనే మనిషే లేదు. ఉండేది హులిగెమ్మ. ఆయమ్మే రాట్నం ఆపి, ఏడు నెలల కడుపు ఒక సేత్తో పట్టుకోని లేసి, నూలు సుట్టిన కండెలు మొగునికి అందిచ్చి, మళ్ళా పంచలోకి వచ్చి కూసునె. పెండ్లయి వచ్చిన కొత్తలో "నా పేరు హులిగెమ్మ కదత్తా" అంటే, అత్త హనుమక్క "మా నోటికి రంగీ అనేది అలవాటైపాయె. పలికితే నీ నోట్లో ముత్యాలేమన్నా రాల్తాయా?" అనింది. అప్పటి నుంచి పలకబట్టె.

రంగమ్మంటే భీమప్ప మొదటి పెండ్లాం. "ఇల్లిడిసి ఎల్లిపోయింది, ఇంగ ఆ మాట ఎత్తొద్దు" అన్నారు ఇంట్లో. ఎత్తొద్దంటే హులిగెమ్మ నోటితో ఎత్తలే గాని, మనసులో మాత్రం ఆ రంగమ్మకి ఇల్లే కట్టిచ్చింది. కోడుమూరులో పుట్టింటి పక్కన గాజులంగడి పెట్టుకోనుంటాది, సంతనాడు జనం ఆడ తిరణాల మాదిరి మూగుతారు, మొగోడు ఎవడన్నా "ఏమే" అని పిలిస్తే, అంగట్లో గాజులన్నీ ఒక్కసారి గల్లుమని వాని సెవులు మూసుకుపోతాయి. ఇట్లాంటి కతలు అల్లేదాంట్లో ఎమ్మిగనూరులో హులిగెమ్మకి ఎదురు లేదు. ఒక ఎండాకాలం మగ్గం మీద పోగులు చిగురేస్తే, మేకలొచ్చి సీర సగం మేసిపోయినాయని ఆయమ్మ సెప్తే, నవ్వీ నవ్వీ పక్కింటి రామక్కకి ఎక్కిళ్ళు పట్టుకున్యాయి. బళ్ళో కాలు పెట్టిన మనిషి కాదు. నోరే ఆయమ్మ బడి.

ఆ నవ్వులోనే కడుపు నొప్పి, కాళ్ళ వాపు దాసిపెట్టుకుంటాంది. కాళ్ళు అరటిబోదెలైనాయి. కండ్ల ముందర మిణుగురులు తిరుగుతాండాయి. "పగలే సుక్కలు సూస్తాండా, ఈ భాగ్యం రాణులకన్నా ఉంటాదా?" అని నవ్వుతాది. మొన్న మొగునితో "ఆదోని పెద్దాసుపత్రికి పిల్సకపోప్పా, తల తిరుగుతాంది" అనింది. ఆయప్ప పోగు మీద నుంచి సూపు ఎత్తకుండా "సీర దిగనీ, పోదాం" అన్యాడు. సీర దిగె. అదే పడుగు మీద ఇంగో సీర మొదలాయె. మగ్గం మీద సీర లేని దినం ఆ ఇంట్లో యాడుంటాది? నేసేది ఆయప్ప ఒక్కడంట. పొద్దు పొడవకముందే నూలుకు గంజి పెట్టేది, పోగులు అతికేది, కండెలు సుట్టేది ఎవరని అడిగితే మాత్రం "అది ఇంట్లో ఊరికే ఉంటాది" అంటాడు.

ఆ సోమవారం మధ్యాన్నం పంచలో ఆడోళ్ళంతా రాట్నాలు తెచ్చుకోని సేరినారు. ముందురోజే టీవీలో ఆదివారం సీరియల్ అయిపోయింది. వీధికంతా ఒకటే టీవీ, గుల్జార్ బీ ఇంట్లో. దాంట్లో బొమ్మ మీద ఆదోని జిన్నింగు మిల్లులో మాదిరి ఎప్పుడూ దూది ఎగురుతాంటాది. మాటలు హిందీ. గుల్జార్ బీ తెలుగు సేసి సెప్తాది, అర్థం కానిసోట హులిగెమ్మ అతుకు ఏస్తాది. అట్ల నెలల తరబడి సూసిన కత, ఏ ముడీ ఇప్పకుండా సుబ్బరంగా అయిపాయె. మిద్దె మీద తాళమేసిన గదిలో ఏముందో సెప్పలే. ముసలాయప్ప పాలల్లో మందు కలిపిందెవరో సెప్పలే. అన్నిటికన్నా పెద్ద పీటముడి శారద. పెద్దకోడలు శారద ఒక వారం బిందె తీసుకోని వాకిలి దాటింది. పై వారం అదే వంటింట్లో, అదే నీలం సీర కట్టుకోని, వేరే మొకం ఉండే మనిషి రొట్టెలు కాలుస్తాండాది. అత్త ఆయమ్మని శారదా అనె, మొగుడూ శారదా అనె. మొదటి శారద ఏమాయె అని ఒక్కరు అడగలే.

"అరే, ఎన్నిసార్లు సెప్పాలమ్మా! యాక్టింగ్ సేసే ఆయమ్మ మారింది. శారద మాత్రం అదే శారద," అనింది గుల్జార్ బీ.

"మొకం మారితే మనిషి అదేనా? రేపు నీ మొగుడు వేరే మొకంతో వస్తే ఊరుకుంటావా?" అనింది రామక్క.

"కొంచెం బాగుండే మొకమైతే ఊరుకుంటాలే!"

పంచంతా నవ్వులే. హులిగెమ్మ అందుకునె. "మీకేం తెలుసు? ఆ శారద బిందె తీసుకోని తుంగభద్రకి పోయింది. బిందెలో కూసుంటే అది పడవైపాయె. పోయి పోయి..."

"పడవా లేదు గిడవా లేదు," అనింది రామక్క, మంచి ఊపు మీద ఉండాది. "నేను నిన్న ఆ రెండో శారద మెడ సూసినా గదా. మొదటి పెండ్లాం సచ్చిపోయుంటే, రెండో దాని తాళితాడుకి సవతి బిళ్ళ కడతారు, సచ్చినామె పీడ తగలకుండా. ఆడదాని బొమ్మ ఉండే వెండి బిళ్ళ. దీని మెడలో లేదు. కాబట్టి మొదటి శారద బతికే ఉండాది. ఏం హనుమక్కా?"

హనుమక్క సేతిలో రాట్నం ఆగిపాయె. "నీ నోరు కుట్టా! పని సూసుకో," అని లేసి ఇంట్లోకి పోయింది.

అప్పుడు తెలిసింది రామక్కకి, తను ఎవరి పంచలో కూసోని ఏం అనిందో.

హులిగెమ్మ సెయ్యి రవికె లోపలికి పోయింది. తాళితాడుకి ఎచ్చగా, అరిగిపోయిన వెండి బిళ్ళ. దాని మీద ఒక ఆడ మనిషి. పెండ్లినాడు అత్త కట్టి "మీ హులిగెమ్మ దేవర బిళ్ళే, నీ పేరు తల్లే" అనింది. ఆయమ్మ పుట్టిన బెళగల్ పక్క పల్లెలో ఇట్లాంటి బిళ్ళ ఎవరికీ ఉండలే, తల్లి సిన్నప్పుడే పాయె, సెప్పేవాళ్ళు లేరు. దినామూ తానం సేసి ఆ బొమ్మకి పసుపు పెట్టి మొక్కింది. "అమ్మా, ఆ రంగమ్మ యాడున్యా సల్లగా సూడు" అని ఆ బొమ్మనే అడిగింది. ఇన్ని దినాలు రంగమ్మ ఆయమ్మ గుండెకి ఆనుకోనే ఉండాది. కోడుమూరు లేదు, అంగడి లేదు, గాజులు లేవు.

"ఎట్ల సచ్చిపోయిందక్కా?" అనింది.

రామక్క కొంగుతో మూతి మూసుకునె. గుల్జార్ బీ ఆయమ్మని మోచేత్తో పొడిసి "సెప్పు, ఇంగ దాసేదేముంది" అనింది.

"కడుపుతో ఉన్నింది. నీ మాదిరే కాళ్ళు వాసినాయి. కండ్లు మసకలు అంటాండె. నేనే సెప్పినా, ఆదోనికి తీస్కపోండప్పా అని. సీర దిగనీ, పోదాం అన్యారు. ఆడ, ఆ రాట్నం కాడనే ఫిట్సొచ్చి పడిపాయె. నీకు సెప్తే భయపడతావని... అందరమూ నోరు మూసుకుంటిమి తల్లీ."

తను కూసున్న సోటు వైపు హులిగెమ్మ సూసుకునె. ఆ రాట్నమే. పిడి మీద ఏండ్ల తరబడి అరిగిన గుంత ఉండాది, తన ఏలు కన్నా కొంచెం సన్నం. వచ్చిననాటి నుంచి ఆ గుంతలో ఏలు పెట్టే తిప్పుతాంది. అది ఎవరి ఏలుదో ఒక్కనాడూ అనుకోలే. వీధంతా కూసోని, టీవీలో మాయమైన మనిషి కోసం నెలల తరబడి కొట్టుకునిరి, నీళ్ళల్లో పడిందా, పుట్టింటికి పాయెనా అని కండ్లల్లో నీళ్ళు పెట్టుకునిరి. ఈ పంచలో పడిపోయిన మనిషి కోసం మాత్రం ఎవరూ నోరు తెరవలే. హులిగెమ్మకి ఒక కత అల్లుదామంటే నోట్లోకి ఏమీ రాలే. జీవితంలో మొదటిసారి.

"రంగీ, కండె! సెవుడా?" లోపల నుంచి అరుపు.

ఆయమ్మ పలకలే.

ఇంగోసారి అరిసి, మగ్గం ఆపి, భీమప్ప వాకిట్లోకి వచ్చినాడు. హులిగెమ్మ కొంగు నడుముకి దోపుకోని నిలబడుండాది. బిళ్ళ రవికె పైన ఏలాడతాంది. ఆయప్ప సూపు దాని మీద పడి, నేల మీదికి దిగె.

"కండె యాడ?" అన్యాడు, గొంతు తగ్గిచ్చి.

"రంగమ్మని పిలుస్తాండావు గదా. ఆయమ్మ సచ్చిపోయిందంట. నీకు తెల్సంట."

"సీర సగంలో ఉండాది. ఇది దిగనీ..."

"దిగనీలే. నువ్వే దింపుకో."

గుల్జార్ బీ సెప్పులేసుకోని ముందు నడిసె. "రా చెల్లీ, మా అమ్మోళ్ళిల్లు ఆదోని ఆసుపత్రి ఎనకాలే. నేనుంటా." ఆదోని బస్సుకు ఇంగా టైముండాది. హులిగెమ్మ మెట్టు దిగి, వాసిన కాళ్ళకి సెప్పులు పట్టక, ఇడిసేసి ఒట్టి కాళ్ళతోనే నాలుగడుగులేసి, ఎనక్కి తిరిగింది. పంచలో ఆడోళ్ళంతా రాట్నాలు ఆపి ఆయమ్మనే సూస్తాండారు, సీరియల్ సూసినట్ల.

"రామక్కా, రేపు ఎవరన్నా నేను యాడికి పోయినానని అడిగితే, కతలు అల్లొద్దు. ఆదోని ఆసుపత్రికి పోయిందని సెప్పు. హులిగెమ్మ పోయిందని, పేరు పెట్టి సెప్పు."